మగ్గం ఇంటిది, నూలు షావుకారుది: ఆన్‌లైన్ ట్యూటరు పనిపై ఒక సమీక్ష

సూరత్ పాత నగరానికి దక్షిణంగా, ఉధ్నా వైపు వెళ్లే దారిలో ఖటోదరా ఉంది. జీఐడీసీ షెడ్లు, పవర్‌లూమ్‌లు, వాటిని ఆనుకుని కార్మికుల ఇళ్లు. ఇక్కడ మగ్గం కూలి మీటరుకు ఇంత అని కడతారు. ఈ నగరంలో ఇళ్లల్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికే, అంచు దారాలు కత్తిరించే ఆడవాళ్లకు చీరకు ఇంత అని ఇస్తారు. ఇప్పుడు ఇళ్లల్లోకే ఇంకో పని వచ్చింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఎక్కడో ఉన్న పిల్లవాడికి లెక్కలో ఇంగ్లీషో చెప్పాలి. దీనికి క్లాసుకు ఇంత.

తెలంగాణ జిల్లాల నుంచి భివండీకి, షోలాపూర్‌కి, సూరత్‌కి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలకు ఈ లెక్క కొత్తది కాదు. సూరత్ నగర పాలక సంస్థ ఏడు భాషా మాధ్యమాల్లో బడులు నడుపుతుంటే అందులో తెలుగు ఒకటి కావడానికి ఆ వలసే కారణం. ఆ కుటుంబాల్లో డిగ్రీ, బీఎడ్ చదివిన అమ్మాయికి ఇల్లు కదలకుండా చేసుకోగల పనిగా ఆన్‌లైన్ ట్యూషన్ కనిపిస్తుంది. తాత మీటరు లెక్కన నేశాడు, మనవరాలు గంట లెక్కన చెబుతుంది. ఈ మార్పును ఎదుగుదల అనాలా, పాత పద్ధతికే కొత్త పేరు అనాలా అన్నది ఇప్పుడు నడుస్తున్న చర్చ.

ఆ చర్చ బాగా చిక్కుపడింది. చదువు గురించి ఆలోచించేవారు పిల్లకు మేలు జరిగిందా అని అడుగుతారు. పెట్టుబడి లెక్కలు చూసేవారు కంపెనీ నిలుస్తుందా అని అడుగుతారు. కార్మిక చట్టం తెలిసినవారు ఈ మనిషి ఎవరి ఉద్యోగి అని అడుగుతారు. మూడూ మంచి ప్రశ్నలే. కానీ ఒకదానికి చెప్పాల్సిన జవాబు ఇంకొకదానికి చెబుతుండటంతో, రోజూ పాఠం చెప్పే మనిషి సంగతి పక్కకు పోయింది. అందుకే ఈ సమీక్షలో ఆ మనిషి వైపు నుంచే చూశాను.

ఇరవై ఏళ్ల నడక

బడి బయట డబ్బిచ్చి చెప్పించుకునే చదువును విద్యా పరిశోధకులు 'నీడ చదువు' అంటారు. మార్క్ బ్రే 1999లో యునెస్కో కోసం రాసిన పుస్తకంతో ఆ పేరు ప్రపంచమంతా స్థిరపడింది. మన దగ్గర ఆ నీడ బాగా పొడుగైంది. అసర్ సర్వే ప్రకారం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే గ్రామీణ పిల్లల్లో డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్లేవారు 2018లో 26.4 శాతం, 2022లో 30.5 శాతం. ట్యూషన్ అంటే ఒకప్పుడు వీధి చివర మాస్టారి అరుగు. ఆయన ఫీజు ఆయనే చెప్పుకునేవాడు, ఎవరిని చేర్చుకోవాలో ఆయనే నిర్ణయించుకునేవాడు. కంపెనీ వచ్చాక మారిపోయిన మొదటి సంగతి ఇదే.

మన దేశంలో ఈ కంపెనీ పని మొదలైంది అమెరికా పిల్లల కోసం. అక్కడ 2002లో అమలులోకి వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం వెనుకబడిన బడుల పిల్లలకు ప్రభుత్వ సొమ్ముతో అదనపు ట్యూషన్ ఇప్పించింది. ఆ గిరాకీ ఇక్కడిదాకా పాకింది. 2005 నాటికి గ్రోయింగ్ స్టార్స్ అనే సంస్థ తరఫున కొచ్చిలో ట్యూటర్లు తెల్లవారుజామునే ఆఫీసుకు చేరి, అక్కడ సాయంత్రం బడి నుంచి ఇంటికొచ్చిన పిల్లలకు పాఠం చెప్పేవారు. అదే ఏడాది కె. గణేశ్ బెంగళూరులో ట్యూటర్‌విస్టా స్థాపించారు. నెలకు 100 డాలర్లు కడితే ఎన్ని గంటలైనా ట్యూషన్ అన్నది దాని పద్ధతి. ఇందులో ట్యూటర్లు ఆఫీసుకు కూడా రానక్కర్లేదు, ఎవరింట్లో వారు కూర్చుని చెప్పవచ్చు. ఇవాళ మనం చూస్తున్న నమూనాకు మూలం అక్కడుంది. 2011లో దాన్ని బ్రిటన్‌కు చెందిన పియర్సన్ చేజిక్కించుకుంది, 2017లో బైజూస్ కొనుక్కుంది.

రెండో దశ మన పిల్లల కోసం వచ్చింది. వేదాంతు, క్యూమ్యాత్, అన్‌అకాడమీ, బైజూస్ వంటి పేర్లు 2010 తరువాతి పదేళ్లలో ఇంటింటికీ చేరాయి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక ఆ వేగానికి పట్టపగ్గాలు లేవు. 2018లో పుట్టిన వైట్‌హ్యాట్ జూనియర్‌ను 2020 ఆగస్టులో బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొన్నది. దాని టీచర్లలో దాదాపు అందరూ ఇంటి నుంచి పనిచేసే మహిళలే. 2022లో బైజూస్ విలువ 2,200 కోట్ల డాలర్లని పెట్టుబడిదారులు లెక్కకట్టారు. ఆ ఏడాది జూన్‌లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థతో ఒప్పందం చేసుకుని, డిసెంబరులో ఆ పాఠాలు నింపిన ట్యాబ్‌లను ఎనిమిదో తరగతి పిల్లలకు పంచింది.

పతనం కూడా అంతే వేగంగా వచ్చింది. బడులు తెరుచుకున్న 2022లో, మే నెలలో వేదాంతు ఒక్క విడతలో 424 మందిని తీసేసింది. అక్టోబరులో బైజూస్ 2,500 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. 2024 జులైలో అదే సంస్థపై బెంగళూరు కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియ ప్రారంభించింది. అందుకు భిన్నంగా, తక్కువ ఫీజుతో వేలమందికి ఒకేసారి చెప్పే పద్ధతిలో పెరిగిన ఫిజిక్స్‌వాలా 2025 నవంబరులో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది.

ఈ అంకెల్లో ఒక వెలితి ఉంది. తొలగింపుల లెక్కలో ప్రధానంగా కనబడేది జీతం మీద ఉన్నవారు. క్లాసు లెక్కన పనిచేసే ట్యూటరుకు తొలగింపు పత్రం ఉండదు. వారానికి ఇరవై స్లాట్లు వచ్చేవి పదవుతాయి, పది మూడవుతాయి, తరువాత ఫోను మోగదు. ఆ రంగం కుప్పకూలినప్పుడు ఎంతమంది ట్యూటర్ల ఆదాయం పోయిందో చెప్పే అధికారిక లెక్క ఏదీ నా కంటబడలేదు.

పిల్లకు మేలేనా?

ఒక టీచరు, ఒక విద్యార్థి. ఇంతకన్నా బలమైన బోధన లేదన్నది పాత నమ్మకం. 1984లో బెంజమిన్ బ్లూమ్ దాన్ని అంకెల్లో పెట్టాడు. విడిగా ట్యూషన్ పొందిన సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోతాడని ఆయన వాదన. ఆన్‌లైన్ ట్యూషన్ ప్రకటనలన్నీ ఇప్పటికీ ఆ నీడలోనే నడుస్తాయి. తరువాతి పరిశోధన ఆ అంకెను బాగా కిందికి దించింది కానీ మూలాన్ని కొట్టిపారేయలేదు. నికోవ్, ఒరియోపౌలస్, క్వాన్ 2020లో 96 ప్రయోగాలను కలిపి చూసి, ట్యూషన్ వల్ల సగటున 0.37 ప్రామాణిక విచలనం మేరకు మెరుగుదల ఉందని తేల్చారు. విద్యారంగంలో అది పెద్ద ఫలితమే. అదే సమీక్షలో ఇంకొకటి బయటపడింది. టీచర్లు, శిక్షణ పొందిన సహాయకులు చెప్పినప్పుడు వచ్చినంత ఫలితం స్వచ్ఛంద సేవకులు, తల్లిదండ్రులు చెప్పినప్పుడు రాలేదు.

అది అమెరికా వంటి సంపన్న దేశాల మాట. మన దగ్గరి సాక్ష్యం కోసం సూరత్ నుంచి రైలెక్కి రెండు గంటలు వెళితే చాలు. వడోదరలోను, ముంబయిలోను ప్రథమ్ సంస్థ నడిపిన 'బాలసఖి' కార్యక్రమాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. బాలసఖి అంటే ఆ బస్తీకే చెందిన, పదో పన్నెండో చదివిన యువతి. వెనుకబడిన పదిహేను ఇరవై మంది పిల్లలను పక్కకు తీసుకుని రోజుకు రెండు గంటలు చెప్పేది. రెండో ఏడాదికి 0.28 ప్రామాణిక విచలనం మేర మార్కులు పెరిగాయి, ఆ లాభం ఎక్కువగా అందరికన్నా వెనుకబడిన పిల్లలకే దక్కింది. అయితే కార్యక్రమం ముగిసిన ఏడాదికి అందులో పెద్ద భాగం కరిగిపోయింది. ఆ యువతుల జీతం నెలకు 500 నుంచి 750 రూపాయలు. వారి వల్ల పిల్లలకు ఎంత లాభమో ప్రపంచమంతా చదివింది. ఆ జీతంతో వారి ఇల్లు ఎలా గడిచిందో ఎక్కువమంది అడగలేదు.

తెర మీద కూడా ఇది సాధ్యమేనని 2020లో ఇటలీలో తేలింది. విశ్వవిద్యాలయ విద్యార్థులు స్వచ్ఛందంగా, వారానికి మూడు గంటల చొప్పున పేద కుటుంబాల పిల్లలకు ఆన్‌లైన్‌లో చెబితే మార్కులు 0.26 ప్రామాణిక విచలనం పెరిగాయి. చదువు వైపు నుంచి చూసే మొదటి వర్గం వాదం నిలబడేది వీటి మీదే. మనిషి శ్రద్ధగా, క్రమం తప్పకుండా, అదే పిల్లతో కొనసాగితే ఆన్‌లైన్ ట్యూషన్ పనిచేస్తుంది.

ఇందులో కీలకం ఆ 'అదే పిల్లతో' అన్న మాట. పరిశోధనల్లో ఫలితమిచ్చిన కార్యక్రమాల్లో ట్యూటరు మారడు. కంపెనీ పద్ధతిలో ఎవరికి ఏ గంట ఖాళీ ఉందో చూసి జత కలుపుతారు, నెల తిరిగేసరికి టీచరు మారవచ్చు. కనుక బ్లూమ్ పేరు చెప్పి అమ్మే ప్రతి క్లాసుకూ బ్లూమ్ చెప్పిన ఫలితం అంటగట్టడం న్యాయం కాదు. ట్యూటరుకు నిలకడ లేనిచోట పిల్లకూ నిలకడ ఉండదు. ఈ ఒక్క విషయంలో చదువు ప్రశ్న, కూలి ప్రశ్న ఒకటే.

స్వేచ్ఛ అనేవారు, పీసు రేటు అనేవారు

రెండో వర్గం ఈ పనిని జీవనోపాధిగా చూసి మెచ్చుకుంటుంది. వారి వాదనలో బలం ఉంది. చిన్న పిల్లలున్న తల్లికి, ముసలి అత్తమామలను చూసుకునే కోడలికి, నడవలేని మనిషికి ఇంట్లోంచి పని దొరకడం చిన్న విషయం కాదు. అద్దె గది అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు. ఖటోదరాలో ఉంటూ హైదరాబాద్ పిల్లకూ, డాలస్‌లోని తెలుగు పిల్లకూ చెప్పవచ్చు.

సూరత్ వాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. 2019 మే 24న సర్థాణాలోని తక్షశిలా ఆర్కేడ్‌లో మంటలు చెలరేగి, పై అంతస్తులోని కోచింగ్ క్లాసులో ఉన్న పిల్లలు కిటికీల్లోంచి దూకారు. 22 మంది పోయారు. ఇరుకు మెట్లు, మంటను ఆపలేని కట్టడం, పైకప్పు మీద వేసిన గది. ఆ దృశ్యం చూసిన తల్లిదండ్రులకు పిల్ల ఇంట్లోనే కూర్చుని చదువుకోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

మూడో వర్గం ఈ స్వేచ్ఛను గడియారం పెట్టి కొలుస్తుంది. గంట క్లాసుకు డబ్బు వస్తుంది. దానికి ముందు పాఠం చూసుకోవడానికి పావుగంట, తరువాత హోంవర్కు దిద్ది తల్లిదండ్రులకు నాలుగు మాటలు రాయడానికి పావుగంట అనుకుంటే, పని గంటన్నర. చేతికొచ్చే రేటు మూడో వంతు తగ్గినట్టే. విద్యార్థి చేరతాడో లేదో తెలియని డెమో క్లాసుకు చాలాచోట్ల సగం డబ్బో, అసలు లేకపోవడమో ఉంటుంది. పిల్ల రాకపోతే కొంత, ట్యూటరు రాకపోతే జరిమానా. ఇంటర్నెట్, ఇన్వర్టరు, పెన్ ట్యాబ్లెట్, నిశ్శబ్దంగా ఉండే గది అన్నీ ట్యూటరు ఖర్చే. మగ్గాల చప్పుడు ఆగని వాడలో నిశ్శబ్దమైన గది అన్నది ఎంత ఖరీదైన షరతో అక్కడివారికే తెలుస్తుంది.

అమెరికా పిల్లలకు చెప్పేవారికి రాత్రి కూడా పోతుంది. న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటల క్లాసు ఇక్కడ వేసవిలో తెల్లవారుజామున 2:30కి, అక్కడ గడియారం వెనక్కి తిప్పే నవంబరు నుంచి 3:30కి. స్త్రీలకు అనుకూలమైన పని అని చెప్పేటప్పుడు ఈ గంట గురించి మాట్లాడేవారు తక్కువ. తెల్లవారుజామున క్లాసు ముగించి, ఆరింటికి పిల్లల డబ్బాలు కట్టే మనిషి నిద్రను ఏ ఖాతాలో రాయాలి?

రేటింగు సంగతి ఇంకా కఠినం. ఐదు నక్షత్రాల్లో ఒకటి తగ్గితే స్లాట్లు తగ్గుతాయి. వైఫై ఆగినందుకా, పిల్ల విసుక్కున్నందుకా, ఫీజు ఎక్కువైందని తల్లిదండ్రులు కోపగించినందుకా అన్నది ట్యూటరుకు తెలియదు. అడగడానికి ఒక మనిషి ఉండడు. మగ్గం కూలీకి కనీసం సేటు ముఖం తెలుసు.

ఈ రెండు వర్గాలను పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇది. స్వేచ్ఛ అనేవారు ఇంట్లో ఏ పనీ లేని స్థితితో పోలుస్తున్నారు, అందుకే వారికి ఇది వరంలా ఉంది. పీసు రేటు అనేవారు బడి టీచరు జీతంతో పోలుస్తున్నారు, అందుకే వారికి ఇది దోపిడీలా ఉంది. ట్యూటర్లలోనూ రెండు రకాలున్నారు. భర్త జీతం ఇంటికొస్తూ, మధ్యాహ్నం రెండు గంటలు చెప్పుకునే ఆమెకు ఈ అమరిక నిజంగానే సరిపోతుంది. ఇదే ఏకైక ఆదాయమై, స్లాట్ల కోసం ఎదురుచూసే యువకుడికి అదే అమరిక కత్తి అంచు మీద నడక. ఒకే ఒప్పంద పత్రం ఇద్దరికీ పనికొస్తుందనుకోవడమే పొరపాటు. విధానం చేసేటప్పుడు ముందు చూడాల్సింది రెండో మనిషిని.

రెంటికీ చెడ్డ రేవడి

చట్టం ముందు ఈ మనిషి ఎవరు? అసలు ముడి ఇక్కడుంది.

గోవాలో ఒక బడి టీచరును తీసేశారు. ఆమె పారిశ్రామిక వివాదాల చట్టం కింద న్యాయం కోరింది. 1988లో, సుందరంబాళ్ కేసులో, టీచరు ఆ చట్టం చెప్పే 'వర్క్‌మన్' కాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చదువు చెప్పడం నైపుణ్య పని, గుమాస్తా పని వంటి చట్టపు గదుల్లో ఇమడదని, అది ఒక ఉదాత్త వృత్తి అని కోర్టు భావించింది. టీచర్ల కోసం వేరే రక్షణ కల్పించే పని చట్టసభలదని కూడా అంది. తరువాత గుజరాత్ నుంచే ఇంకో కేసు వెళ్లింది. అహ్మదాబాద్ ప్రైవేటు ప్రాథమిక టీచర్ల సంఘం గ్రాట్యుటీ అడిగితే, 2004లో సుప్రీంకోర్టు అదే తర్కంతో కాదంది. ఈసారి పార్లమెంటు కదిలింది. 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లకు గ్రాట్యుటీ ఇచ్చింది. ప్రైవేటు బడులు దాన్ని సవాలు చేస్తే, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణను నిలబెట్టింది. టీచర్లకు హక్కు రావడానికి కోర్టు మెట్లెక్కి ఓడిన సంఘమే దారి చూపిందన్నది మరచిపోకూడని సంగతి.

ఇప్పుడు ఆన్‌లైన్ ట్యూటరు దగ్గరకు రండి. బోధన గొప్పది గనుక టీచరు కార్మికుడు కాదని పాత తీర్పు. ఒప్పందంలో 'స్వతంత్ర భాగస్వామి' అని రాశారు గనుక ట్యూటరు మా ఉద్యోగి కాదని కంపెనీ మాట. కార్మికుడి రక్షణా లేదు, బడి టీచరు గ్రాట్యుటీ, సెలవులూ లేవు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. పైగా విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ బడి టీచర్లను ప్రైవేటు ట్యూషన్ చెప్పవద్దంటుంది. కనుక ఈ పనిలోకి వచ్చేవారిలో ఎక్కువమంది బడి ఉద్యోగం దొరకనివారో, వదులుకున్నవారో. బేరమాడే శక్తి మొదటినుంచే తక్కువ.

కొత్త చట్టాలు ఒక కిటికీ తెరిచాయి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, ప్లాట్‌ఫారం కార్మికులను మొదటిసారి నిర్వచించింది. అగ్రిగేటర్లు, అంటే పనినీ కొనుగోలుదారునూ కలిపే ప్లాట్‌ఫారం కంపెనీలు, తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు, కార్మికులకు చెల్లించేదానిలో 5 శాతం మించకుండా, నిధికి ఇవ్వాలంది. ఆ జాబితాలో క్యాబులు, తిండి డెలివరీ, సరుకుల రవాణా పేరు పెట్టి ఉన్నాయి. ట్యూషన్ పేరు లేదు. 'వృత్తి సేవలు' అన్న గదిలో దాన్ని చేర్చవచ్చు, చేర్చకపోవచ్చు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో సొంత చట్టాలు తెచ్చుకున్నాయి. తెలంగాణ 2025లో ముసాయిదా ప్రకటించింది. వీటి చర్చంతా ద్విచక్ర వాహనం మీద తిరిగే యువకుడి చుట్టూ సాగింది. అతని కష్టం రోడ్డు మీద అందరికీ కనబడుతుంది. తలుపు వేసుకుని తెర ముందు కూర్చున్న ఆమె కష్టం కనబడదు.

కనబడని పనిని కనబడేలా చేసిన చరిత్ర మాత్రం గుజరాత్‌కే ఉంది. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ 'సేవా' సంఘాన్ని నిర్మించినప్పుడు, యజమానే లేనివారికి యూనియన్ ఏమిటన్న అభ్యంతరం ఎదురైంది. బీడీలు చుట్టేవారు, బట్టలు కుట్టేవారు, ఇంట్లోంచి పనిచేసేవారు కార్మికులేనని ఆ సంఘం పోరాడింది. ఆ ఒత్తిడి అంతర్జాతీయ కార్మిక సంస్థ దాకా వెళ్లి 1996లో 177వ ఒడంబడిక అయింది. దాని ప్రకారం, ఎవరి పరికరాలతో చేసినా సరే, యజమాని చెప్పిన రీతిలో వస్తువునో సేవనో ఇంట్లో తయారుచేసేవారు ఇంటి నుంచి పనిచేసే కార్మికులు. నిజంగా ఆర్థిక స్వాతంత్ర్యం ఉన్నవారికే మినహాయింపు. భారతదేశం ఆ ఒడంబడికను ఆమోదించలేదు. కానీ ఆ నిర్వచనం 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టంలోను, ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోను దాదాపు అదే రూపంలో ఉంది. వస్తువులతోపాటు సేవలు కూడా అందులో ఉన్నాయి.

నేతపనివారి ఇంట్లో పుట్టినవారికి ఈ నిర్వచనం అర్థం కావడానికి వకీలు అక్కర్లేదు. మగ్గం నేతగాడిది, ఇల్లు నేతగాడిది. నూలు, డిజైను, రేటు షావుకారైన మాస్టర్ వీవర్‌వి. అలాంటి నేతను ఎవరూ స్వతంత్ర వ్యాపారం అనలేదు, కూలి నేత అన్నారు. ల్యాప్‌టాప్ ట్యూటరుది, గది ట్యూటరుది. స్లైడ్లు, పాఠం క్రమం, ఫీజు, విద్యార్థి ఫోను నంబరు కంపెనీవి. విద్యార్థితో విడిగా మాట్లాడుకోకూడదన్న షరతు కూడా కంపెనీదే. కాలిఫోర్నియా 2019లో చేసిన చట్టం ఒక సూటి ప్రశ్న అడుగుతుంది: ఈ మనిషి చేసేది ఆ కంపెనీ అసలు వ్యాపారానికి బయటి పనా? ట్యూషన్ కంపెనీలో ట్యూషన్ చెప్పే మనిషి దగ్గర ఆ ప్రశ్నకు ఒకటే జవాబు.

నా తీర్పు ఇది. పాఠం తనే రాసుకుని, ఫీజు తనే చెప్పుకుని, విద్యార్థిని తనే ఎంచుకునే ట్యూటరు స్వతంత్రుడు. కంపెనీ కేవలం పరిచయం చేసి కమీషను తీసుకుంటే దాన్ని యజమాని అనడం తప్పు. ఈ మూడూ కంపెనీ చేతిలో ఉంటే ఒప్పందంలో ఏ పేరు రాసినా అది కూలి నేతే. మనకు కొత్త నిర్వచనం అవసరం లేదు. ఉన్న నిర్వచనాన్ని ట్యూటరుకు వర్తింపజేయడమే మిగిలింది.

నియంత్రణ ఎంతవరకు?

ఇక్కడ రెండు కొసలు కనిపిస్తాయి. 2021 జులైలో చైనా బడి సబ్జెక్టుల్లో లాభాపేక్ష ట్యూషన్‌నే నిషేధించింది, విదేశాల్లో కూర్చున్న ట్యూటర్లను పెట్టుకోవడం ఆపించింది. న్యూ ఓరియంటల్ అనే ఒక్క సంస్థే 60,000 మందిని తీసేసింది. ట్యూషన్ మాయం కాలేదు, చాటుకు పోయి ఖరీదెక్కింది. ఆ దారి మనకు వద్దు.

మన ప్రభుత్వం ఇంకో కొసన ఉంది. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులకు హెచ్చరిక జారీచేసింది: ఉచితమన్న ప్రకటనలు నమ్మి ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్టయ్యే అనుమతులు ఇవ్వవద్దని, తెలియకుండా అప్పు పత్రాలపై సంతకం చేయవద్దని. 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లలోపు పిల్లలను చేర్చుకోకూడదు, డిగ్రీ లేనివారు బోధించకూడదు, ఫీజు వాపసు నియమాలుండాలి. ఇవి నాలుగు గోడల కోచింగ్ కేంద్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. రెండింటిలోనూ రక్షణ కొనుగోలుదారుకే. ట్యూటరు అర్హత గురించి ఉంది, ట్యూటరు కూలి గురించి లేదు. యూరప్ సమాఖ్య 2024లో ప్లాట్‌ఫారం పనిపై ఆదేశం తెచ్చి, నియంత్రణ కంపెనీదని కనిపిస్తే ఉద్యోగ సంబంధం ఉన్నట్టే భావించాలంది. రేటింగు వంటి యంత్ర నిర్ణయాలకు కారణం చెప్పాలంది. అనుసరించదగినది అదే.

యంత్రం వచ్చాక

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. 2023 మే 2న, విద్యార్థులు దానివైపు పోతున్నారని, పాఠ్య ప్రశ్నలకు ఆన్‌లైన్‌లో జవాబులు అమ్మే చెగ్ సంస్థ ఒప్పుకున్నాక దాని షేరు ఒక్కరోజులో దాదాపు సగం పడిపోయింది. ప్రశ్నకు ఇంత చొప్పున జవాబులు రాసే భారతీయ నిపుణులు ఆ సంస్థకు పెద్ద సంఖ్యలో ఉండేవారు. జవాబు చెప్పడమే పని అయితే యంత్రం ఆ పని తీసుకుంటుంది.

పక్కన కూర్చుని నేర్పించడం అలా పోతుందా అన్నది తేలలేదు. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 900 మంది ట్యూటర్లకు యంత్రం సలహాలు అందేలా చేసి చూశారు. పిల్ల తప్పు చేసినప్పుడు జవాబు చెప్పేయకుండా ఏ ప్రశ్న అడగాలో ఆ సలహా చెబుతుంది. విద్యార్థులు పాఠంలో పట్టు సాధించడం 4 శాతం పాయింట్లు పెరిగింది, తక్కువ రేటింగున్న ట్యూటర్ల దగ్గర 9 పాయింట్లు. అంటే కొత్త ట్యూటరు అనుభవజ్ఞుడి దగ్గరకు త్వరగా చేరగలడు. దాన్ని చూపి రేటు పెంచుతారా, ఎవరైనా చెప్పగలరని రేటు తగ్గిస్తారా అన్నది యంత్రం నిర్ణయించదు. ట్యూటర్ల క్లాసులను రికార్డు చేసి, వాటితోనే యంత్రాలకు శిక్షణ ఇచ్చే హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా ముందుంది. ఒప్పందాల్లో ఆ హక్కు కంపెనీకి రాసిచ్చే షరతు ఉంటే, ట్యూటరు తన పోటీదారును తనే పెంచుతున్నట్టు.

తేలనివి

తెలుగు విషయంలో ఒక ప్రత్యేక వెలితి ఉంది. కంపెనీ క్లాసులు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీల్లో నడుస్తాయి. సూరత్ మునిసిపల్ తెలుగు బడిలో చదివే పిల్ల ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గుజరాతీ మాట్లాడుతుంది. ఆమెకు తెలుగులో లెక్కలు చెప్పించడం కంపెనీకి గిట్టుబాటు కాదు. అటు అమెరికాలో 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి స్వచ్ఛంద ఉపాధ్యాయులతో తెలుగు నేర్పుతోంది. ఈ రెండింటి మధ్య, జీతం తీసుకుని తెలుగులో చెప్పే ట్యూటరుకు స్థానం దొరకాలంటే మునిసిపాలిటీయో ప్రభుత్వమో డబ్బు పెట్టాలి. బాలసఖి పద్ధతిని తెర మీదికి తెచ్చి, ఆ బస్తీ యువతులకే సరైన జీతంతో ఆ పని ఇవ్వవచ్చు. అలా ఎవరూ చేసి చూడలేదన్న కారణంతో పక్కన పెట్టాల్సిన ఆలోచన కాదిది.

ప్లాట్‌ఫారం పనిపై కొత్త ఒడంబడిక తేవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2025 జూన్ సమావేశంలో అంగీకరించింది. అందులో ట్యూటరును చేర్చమని మన దేశం అడుగుతుందా అన్నది తెలియదు. సామాజిక భద్రతా కోడ్‌లోని 'వృత్తి సేవలు' అన్న మాటకు ట్యూషన్ కూడా అర్థమని కేంద్ర కార్మికశాఖ ఒక్క నోటిఫికేషన్‌తో చెప్పగలదు. చెప్పాలి. డెమో క్లాసుకు, సిద్ధపడే సమయానికి డబ్బు కట్టాలని, స్లాట్లు ఆపితే రాతపూర్వక కారణం ఇవ్వాలని మాదిరి ఒప్పందం ప్రకటించాలి.

అంతవరకు ఈ పనిలో ఉన్నవారికి, చేరబోతున్నవారికి ఒక విన్నపం. సంతకానికి ముందు ఒప్పందం మొత్తం చదవండి, అర్థం కాకపోతే చదివించుకోండి. డెమోకు ఎంత, పిల్ల రాకపోతే ఎంత, మీ రికార్డింగులు ఎవరివి, డబ్బు ఏ తేదీన అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాతలో అడగండి. ప్రతి క్లాసుకు పట్టిన అసలు సమయాన్ని ఒక పుస్తకంలో రాసుకోండి. తోటి ట్యూటర్లను వెతికి ఆ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. అహ్మదాబాద్ టీచర్లు 2004లో కోర్టులో ఓడినప్పుడు కూడా వారికొక సంఘం ఉంది.